చలనచిత్రం – కంటితో చదువుకోవలసిన కళ

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చలనచిత్రం నిజమైన దృశ్యకళ అవునా, కాదా అన్న విషయం మీద మాట్లాడమని ఉత్సవ సంఘం వారు కోరారు. అవునని ఒక్క మాట చెప్పి కూర్చుంటే మీకూ నాకూ సుఖమే. కాని ఆ మాటను మనం మనసారా నమ్ముతున్నామా అన్నది నా సందేహం. తెలుగువారు సినిమాను ప్రేమించినంతగా మరెవరూ ప్రేమించలేదని మనమే చెప్పుకుంటాము. నిదానంగా ఆలోచిస్తే ఆ ప్రేమలో అధికభాగం చెవులకు చెందినదేమో అనిపిస్తుంది. పాట గుర్తుంటుంది, పద్యం గుర్తుంటుంది, సంభాషణ గుర్తుంటుంది. ఆ పాట పాడుతున్నప్పుడు వెలుగు ఏ వైపు నుంచి పడిందో అడిగితే మాత్రం తెల్లమొగం వేస్తాము.

మా చిన్నతనంలో ఆకాశవాణి తెలుగు కేంద్రాలు ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అనే కార్యక్రమాన్ని ప్రసారం చేసేవి. పెద్ద సినిమాను శబ్దమార్గం వరకు తీసుకుని, కుదించి వినిపించేవారు. సెలవునాటి మధ్యాహ్నం ఇంటిల్లపాదీ రేడియో చుట్టూ చేరేవాళ్ళం. కత్తుల చప్పుడు వినిపిస్తే యుద్ధమనీ, గజ్జెల చప్పుడు వినిపిస్తే రాజసభ అనీ ఊహించుకొనేవాళ్ళం. మర్నాడు బడిలో ‘ఆ సినిమా చూశాను’ అని ధైర్యంగా చెప్పేవాళ్ళం. దానిని తప్పుపట్టను. ఆ కార్యక్రమం ఎన్నో ఊళ్ళకు, ఎందరో పేదలకు వినోదం పంచింది. కాని చూడకుండానే చూశామని చెప్పుకోగలిగిన కళ మరొకటి ఉన్నదా? బొమ్మను చూడకుండా చిత్రలేఖనాన్ని చూశానని ఎవరైనా అనగలరా?

నా కళ్ళు తెరిపించినది పుస్తకం కాదు. ఈ బడిలో నా పక్కన కూర్చొనే మిత్రుని తండ్రి. ఆయన స్టూడియోలో సెట్టింగులకు రంగులు వేసేవారు. మేము ఆయనను బాబాయిగారు అని పిలిచేవాళ్ళం. ఒకనాడు మమ్మల్ని ఇద్దరినీ ఫ్లోరు చూపించడానికి వెంట తీసుకువెళ్ళారు. లోపల ఒక మండపం, నాలుగు రాతి స్తంభాలు. వేలితో కొట్టి చూస్తే డొల్ల చప్పుడు. చెక్క చట్రం మీద గుడ్డ, దాని మీద ప్లాస్టరు, ఆ పైన రంగు. మాకు నిరుత్సాహం కలిగింది. ఇంకొక వింత ఏమంటే ఆ స్తంభాలు రాతి రంగులో లేవు. ఒక పక్క ఏదో పాలిపోయిన ఆకుపచ్చ, మరొక పక్క బురద వంటి గులాబి. ఇదేమి రాయి బాబాయిగారూ అని అడిగాము. నలుపు–తెలుపు ఫిలిముకు రంగు తెలియదనీ, ముదురు ఏది లేత ఏది అన్నదే తెలుసుననీ, మన కంటికి వేరువేరుగా కనిపించే ఎరుపూ పచ్చా తెర మీద ఒకే బూడిద రంగై తేలవచ్చుననీ అప్పుడు చెప్పారు. తెల్లని పంచె దీపాల ముందు మండిపోయి నేత చెరిగిపోతుందని, దానిని లేత రంగులో ముంచి ఆరవేస్తారట. మా కంటికి అందవికారంగా ఉన్న ఆ స్తంభం తెర మీద వందలయేళ్ళ రాయిగా కనిపించింది. ఆయన పని చేస్తున్నంత సేపూ తన కన్నుతో కాక కెమెరా కన్నుతో చూస్తున్నారన్నమాట.

ఆ సినిమా విడుదలయ్యాక మేము చూసి వచ్చి, సంభాషణలన్నీ గడగడ అప్పజెప్పాము. ఆయన కొంచెంసేపు విని, “ఒరేయ్ అబ్బాయిలూ, విన్నదంతా చెప్పారు, బాగానే ఉంది. చూసింది కూడా ఒకటి చెప్పండిరా” అన్నారు. మేమిద్దరం మొగమొగాలు చూసుకున్నాము. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే నేను ఇంతవాడినయ్యాను.

మన చెవి ఇంత పెద్దది కావడానికి కారణం చరిత్రలో ఉన్నది. మన సినిమా మూగదిగానే పుట్టింది. రఘుపతి వెంకయ్యగారు ఈ చెన్నపట్నంలోనే సినిమాశాలలు నెలకొల్పారు. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ చిత్రాన్ని తీశారు. ఆ దశలో బొమ్మే మాట్లాడవలసి వచ్చింది. పది సంవత్సరాలు గడిచేసరికి మాట వచ్చింది. 1932లో హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం సురభి వారు రంగస్థలం మీద ఆడుతుండిన నాటకం. ఆనాటి టాకీలో రంగస్థలం తన పద్యాలతో, రాగాలతో సహా తరలివచ్చి కెమెరా ముందు నిలబడింది. జనం పద్యం వినడానికే వచ్చారు కనుక కెమెరా కదలవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. అంతకుముందు తెలుగువాడికి బొమ్మను చూసే అలవాటు లేదని కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం, దీపానికీ తెరకూ నడుమ రంగుల తోలుబొమ్మ, తెర ఇవతల చీకటిలో మనం. దీపం నుంచి బొమ్మను జరిపితే ఆకారం మారుతుంది, తెరకు అదిమితే అంచు పదునెక్కుతుంది. సినిమా అంటే ఏమిటో మన పల్లెలకు కొత్తగా చెప్పవలసిన పని లేకపోయింది. కాళిదాసు నాట్యాన్ని కన్నులతో చేసే యజ్ఞమని భావించాడు. టాకీ వచ్చిన తొలి రోజుల్లో మనం ఆ యజ్ఞాన్ని చెవులకు అప్పగించాము.

తిరిగి కంటికి అప్పగించిన వారిలో ఒకరి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీలో చూడనివారు ఉండరు కనుక ‘మాయాబజార్’నే తీసుకుంటాను. 1957 మార్చి 27న విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు కె.వి. రెడ్డిగారు, నిర్మాతలు నాగిరెడ్డి–చక్రపాణులు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. కళాదర్శకులు ఇద్దరు, మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే అన్న పేరు విని ఆయన మహారాష్ట్రుడని భ్రమపడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆయన గుంటూరు సీమ పలుకుబడిలో కథలు రాసిన తెలుగు రచయిత, చిత్రకారుడు. బార్ట్‌లే మాత్రం ఆంగ్లో ఇండియన్, తెలుగు ఆయన మాతృభాష కాదు. మన తెలుగు తెర మీద అందరికంటె అందమైన వెన్నెలను కాయించినవాడు తెలుగు మాతృభాష కానివాడు. ఈ విషయం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

‘లాహిరి లాహిరి’ పాట వినగానే మీ అందరి పెదవులు కదులుతాయి. దయచేసి ఈ ఒక్కసారి పాటను పక్కన పెట్టండి. ఆ వెన్నెల ఎక్కడిది? ఆనాటి ఫిలిముకు నిజమైన వెన్నెల చాలదు. పున్నమినాటి నడిరేయి కెమెరా తెరిచి పెడితే దక్కేది చీకటి. కనుక తెర మీది వెన్నెల ప్రతి చుక్కా చేసినదే. కొద్ది సెకన్ల బాహ్యదృశ్యాలు ఎన్నూరులో తీసి, తక్కినదంతా స్టూడియో లోపలే చిత్రీకరించారు. బయటి నీటికీ లోపలి నీటికీ తేడా తెలియకూడదు. ఇంట్లో మీరు ఆ దృశ్యాన్ని ఒకచోట నిలిపి చూడండి. వెలుగు వెనుక నుంచి వస్తున్నది. కేశాల అంచున సన్నని వెండిగీత, అలల మీద విరిగి పడుతున్న తళుకు. ముఖాలు మరీ నల్లబడకుండా ముందునుంచి ఒక మెత్తని వెలుగు ఉన్నది. అది మరికొంచెం ఎక్కువైతే పగలవుతుంది, తక్కువైతే సావిత్రిగారి కళ్ళు కనిపించవు. ఆ రెండింటి నడుమ ఉన్న వెంట్రుకవాసి తావులో మూడు జంటలను కూర్చోబెట్టాడు బార్ట్‌లే. శశిరేఖా అభిమన్యులకూ అదే వెన్నెల, రుక్మిణీ కృష్ణులకూ అదే, రేవతీ బలరాములకూ అదే. పడుచుప్రేమ, పండిన దాంపత్యం ఒకే వెలుగులో తడవడం అన్న భావాన్ని మాటల రచయిత చెప్పలేదు, దీపాలు పట్టినవారు చెప్పారు.

ద్వారకానగరం సంగతి కూడా అంతే. వాహినీ స్టూడియోలో 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలంలో సుమారు 300 చిట్టి ఇళ్ళు కట్టి, ఒక్కొక్క ఇంటికి విడిగా విద్యుద్దీపం అమర్చారు. ఈ పాఠశాల ప్రార్థనా స్థలం అంతకంటె పెద్దది.

ఈ చిత్రంలో ‘ప్రియదర్శిని’ అనే పేటిక ఉన్నది గదా. తెరిచి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, కృష్ణునికి శకుని! నా మనుమడికి తెలుగు కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చు. మా ఇంటి సంగతి మీలో చాలామందికి మీ ఇంటి సంగతే. సంభాషణలలో సగం వాడికి అందలేదు. కాని ఈ దృశ్యం దగ్గర చటుక్కున లేచి, “తాతయ్యా, కృష్ణుడికి శకుని అంటే ఎందుకు ఇష్టం?” అని అడిగాడు. మహాభారతం మీద అడగదగిన ప్రశ్నలలో అంతకంటె లోతైనవి ఎన్ని ఉన్నాయి? దానిని పుట్టించినది రెండు క్షణాల బొమ్మ. సినిమాలోనే ఒక చిన్న సినిమాతెరను పెట్టి, చూడడం అంటే ఏమిటో చూపించారు కె.వి. రెడ్డిగారు.

మాయా శశిరేఖగా సావిత్రిగారి నడక చూడండి. రూపం సుకుమారి, లోపల ఘటోత్కచుడు. భుజం ఒకటి కొంచెం లేస్తుంది, అడుగు బరువెక్కుతుంది, పెళ్ళిపీటల దగ్గర లక్ష్మణకుమారుని కాలు తొక్కుతుంది, మరుక్షణంలో మళ్ళీ వధువు. మాట ఆపివేసి చూసినా ఎవరు ఎవరిలో ఉన్నారో తెలుస్తుంది. కె.వి. రెడ్డిగారు స్టాప్‌వాచ్ పెట్టుకుని రిహార్సల్స్ చేయించి, ఏ దృశ్యం ఎంతసేపు ఉండాలో ముందే లెక్కకట్టేవారట. సెకనుకు 24 బొమ్మలు తిరిగే కళలో అది చాదస్తం కాదు. పద్యానికి గణాలు ఎటువంటివో దృశ్యానికి ఆ కొలత అటువంటిది.

తమిళనాట పుట్టి పెరిగిన మనకు మరొక విశేషం దగ్గరగా ఉంటుంది. ఇదే చిత్రాన్ని తమిళంలో కూడా తీశారు, అది అదే సంవత్సరం ఏప్రిల్‌లో విడుదలయింది. నాగేశ్వరరావుగారి స్థానంలో అభిమన్యుడు జెమినీ గణేశన్. పాట మారింది, మాట మారింది, వెన్నెల మారలేదు. ఈ ఊళ్ళో నా తమిళ మిత్రుడూ నేనూ ఈ చిత్రం గురించి మాట్లాడుకున్నప్పుడు మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ బొమ్మే.

2010 జనవరిలో ‘మాయాబజార్’కు రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. నేనూ వెళ్ళి చూశాను. శ్రమపడి చేశారు, ఎందరో పిల్లలు దానివల్లనే ఆ చిత్రం చూశారు, కాదనను. అయినా నా మనసు ఒప్పలేదు. బాబాయిగారి వంటివారు ఆకుపచ్చనీ గులాబినీ కలిపి సాధించిన బూడిద రంగులో ఎన్ని ఛాయలు ఉన్నాయో లెక్కించడం కష్టం. ఆ వెన్నెల నిలిచినదే ఆ ఛాయల మీద. దానికి నీలం పూస్తే నీలం కనిపించింది, వెన్నెల కొంత తగ్గింది. ఈ విషయంలో నాతో విభేదించేవారు ఈ సభలోనే ఉన్నారు, మా ఇంట్లోనూ ఉన్నారు.

రంగు వచ్చిన తరువాత రంగును అర్థం చేసుకున్నవారు బాపుగారు. ఆయన మొదట చిత్రకారుడు, దృశ్యాలను ముందుగా కాగితం మీద గీసుకుని తరువాత తీసేవారు. 1975లో వచ్చిన ‘ముత్యాల ముగ్గు’కు ఛాయాగ్రహణం చేసిన ఇషాన్ ఆర్య జాతీయ పురస్కారం పొందారు. ఆయన కూడా తెలుగువాడు కాడు. ఆరుబయట దొరికే వెలుగుతో ఆ చిత్రంలో ఆయన చేసిన పనిని గురించి మరొకరోజు మాట్లాడుకోవచ్చు.

మాట లేకుండా సినిమా నిలబడుతుందా అని అడిగేవారికి జవాబు 1987లో వచ్చింది. ‘మాయాబజార్’ నాడు కె.వి. రెడ్డిగారి వద్ద సహాయకుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు ‘పుష్పక విమానం’ తీశారు. చిత్రంలో ఒక్క సంభాషణ లేదు. చాలాభాగం బెంగుళూరులోని ఒక పెద్ద హోటలులో తీశారు. ఒక్కొక్క భాషలో పేరు మారింది, తమిళంలో ‘పేసుం పడం’ అన్నారు. పేరు తప్ప అనువదించవలసినది ఏమీ లేకపోయింది. హంతకుడి చేతిలో మంచుగడ్డతో చేసిన కత్తి ఉంటుంది, అది కరుగుతూ ఉంటే మనకు నవ్వూ భయమూ ఒకేసారి పుడతాయి. కథ చివర నాయిక తన చిరునామా రాసి విసిరిన కాగితం గాలికి కొట్టుకుపోయి మురుగుకాలువలో పడుతుంది. ఏ విరహగీతమూ అక్కడ అంత పని చేయలేదు.

ఇక్కడ నా వాదానికి నేనే ఒక సవరణ చెప్పుకోవాలి. ఆ చిత్రంలో మాటలు లేవు గాని చప్పుడు ఉన్నది. ఇరుకు గదిలో, రణగొణధ్వనిలో పడుకోవడం అలవాటైన కథానాయకుడికి ఖరీదైన హోటలు నిశ్శబ్దంలో నిద్ర రాదు. తన పాత బస చప్పుళ్ళను రికార్డు చేసి తెచ్చుకుని, అవి వింటూ నిద్రపోతాడు. కనుక చెవిని బహిష్కరించమని నేను చెప్పడం లేదు. చెవి తన పని తాను చేయాలి, కంటి పని కూడా అదే చేయకూడదు.

ఈ విషయం ఇంత పట్టుదలగా ఎందుకు మాట్లాడుతున్నానో చెబుతాను. విన్నదాన్ని మనం దాచుకున్నాము. పాటలు రికార్డులుగా, పుస్తకాలుగా, ఇప్పుడు చేతిఫోనులలో భద్రంగా ఉన్నాయి. చూడవలసినదాన్ని పారవేసుకున్నాము. ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూద్దామన్నా లేదు. మనదేశంలో తయారైన వేయికి పైగా మూకీలలో మిగిలినవి ముప్పై లోపే. పాత ఫిలిముకు అగ్గి తగిలితే ఆరదు. దానిలోని వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. 1933 నాటి మలయాళ మూకీ ‘మార్తాండవర్మ’ ఎలా దక్కిందో తెలుసునా? మూలమైన నవల హక్కుల మీద తగాదా వచ్చి, ప్రతిని స్వాధీనం చేసుకుని పుస్తకాల దుకాణంలో పడవేశారు. దానివల్ల అది బ్రతికిపోయింది. తగాదా లేని సినిమాలు నశించాయి.

వడపళనిలో వాహినీ ఫ్లోరులు ఉండిన ప్రాంగణంలో నేడు ఆసుపత్రి, కల్యాణ మండపాలు, అంగళ్ళ సముదాయం ఉన్నాయి. ద్వారకను అమర్చిన చోటు ఏదో గుర్తుపట్టి చూపగలిగినవారు అరుదు. ఫ్లోరులు పోవడం వ్యాపారధర్మం, దానికి ఎవరినీ నిందించి లాభం లేదు. కాని ఆ ఫ్లోరులలో పనిచేసిన రంగులవారు, వడ్రంగులు, మౌల్డింగు పనివారు, దీపాలు పట్టినవారు, స్టిల్ ఫోటోలు తీసినవారు ఎందరో మన పేటలలో కాపురమున్నవారే. వారి పిల్లలు ఈ బడి బల్లల మీద కూర్చుని చదువుకున్నారు. వారిలో అధికుల పేర్లు తెర మీద పడలేదు. వారి పని గుర్తులు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే మన ఇళ్ళ అటకల మీద, ఇనప్పెట్టెల అడుగున ఉండాలి.

మా బాబాయిగారి గీతలన్నీ ఇల్లు ఖాళీ చేసిన రోజున పాత కాగితాల బండికి తూకానికి వెళ్ళిపోయాయి. అప్పటికి ఆయన లేరు. పరీక్షల ఒత్తిడిలో మా మిత్రుడు చూసుకోలేదు, నాకు ఆ ఊసే లేదు. ఎన్ని వీశెలు తూగాయో మాత్రం అతనికి ఇప్పటికీ గుర్తున్నది. అందుకే ఉత్సవ సంఘం వారి అనుమతితో తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ తండ్రులు, తాతలు స్టూడియోలలో పనిచేసి ఉంటే వారి కాగితాలు, సెట్టింగు నమూనాలు, పని నడుస్తుండగా తీసిన ఫోటోలు ఏవి దొరికినా ఈ బడికి తెచ్చి చూపండి. నకలు తీసి మీవి మీకు తిరిగి ఇస్తారు. ఎవరు, ఏ సంవత్సరం, ఏ ఫ్లోరు అన్నది తెలిసినంత వరకు వెనుక పెన్సిలుతో రాయండి. సిరా వద్దు, కాగితం తింటుంది. ఉపాధ్యాయులు నెలకొకసారైనా ఒక పాత చిత్రంలో పది నిమిషాలు పిల్లలకు చూపి, బాబాయిగారు మమ్మల్ని అడిగిన ప్రశ్నే వారిని అడగాలని కూడా కోరుతున్నాను. మార్కులు వేయవలసిన పని లేదు.

ఆ కాగితాల బండికి చిక్కకుండా ఒక్కటి మిగిలింది. లెక్కల పుస్తకానికి అట్టగా వేసుకున్నందువల్ల దక్కింది. మా మిత్రుడు దానిని ఈ ఉదయం వెంట తెచ్చాడు. మేమిద్దరం ఆరవ తరగతి చదువుకున్న గదిలో, కిటికీ పక్క గోడకు పెట్టి ఉన్నది. ఏ సినిమాకు గీసినదో తెలియదు. నాలుగు స్తంభాల మండపం, ఎడమ పక్క మెట్లు, పైమూలలో ఒక బాణం గుర్తు, దాని పక్కన పెన్సిలుతో ‘వెలుగు ఇటునుంచి’ అని ఆయన దస్తూరి. ప్రతి స్తంభానికీ కుడివైపు నీడ గీసి ఉన్నది. మడత దగ్గర కాగితం చిరిగింది కనుక చేతితో ముట్టకుండా చూడండి. భోజనాల గంట కొట్టేవరకు ఆ గది తెరిచే ఉంటుంది.